రైలు కార్మికుల గిరి, రాష్ట్రపతి గిరి: ఆ ఐదేళ్లు హోసూరు తెలుగువారికి చెప్పేదేమిటి?

2024 జూన్‌లో మన కృష్ణగిరి పార్లమెంటు సభ్యుడు గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసినప్పుడు ఈ ప్రాంతంలో ఎంతోమంది సంతోషించారు. తమిళనాడు నుంచి గెలిచినవారి నోట ఢిల్లీ సభలో తెలుగు వినిపించడం చిన్న విషయం కాదు. కానీ ఆ సంతోషం వెనకే ఒక ప్రశ్న వస్తుంది. మనవాడు పెద్ద కుర్చీలో కూర్చుంటే మనకు ఏమి ఒరుగుతుంది? కుర్చీ మనిషిని మారుస్తుందా, మనిషి కుర్చీని మారుస్తాడా?

ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే యాభై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. 1969 ఆగస్టు 24 నుంచి 1974 ఆగస్టు 24 దాకా దేశానికి రాష్ట్రపతిగా ఉన్నది వరాహగిరి వెంకటగిరి. మనలాగే సొంత భాషా రాష్ట్రం బయట మిగిలిపోయిన తెలుగు ఊరి బిడ్డ. కార్మిక నాయకుడు. వామపక్షాలు, ప్రాంతీయ పార్టీలు, ఇందిరాగాంధీ వర్గం కలిసి గెలిపించిన స్వతంత్ర అభ్యర్థి. బ్యాంకుల జాతీయీకరణ, రాజభరణాల రద్దు, గరీబీ హటావో నినాదం అన్నీ ఆ కాలంలోనివే. స్వతంత్ర భారతంలో పేదల పేరు చెప్పి ఇంత గట్టిగా ఎడమవైపు తిరిగిన కాలం మరొకటి లేదు.

మనవాడే, మనలాంటివాడే

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పుడది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. 1936లో ఒడిశా వేరు రాష్ట్రం కాగానే బరంపురం అటువైపు పోయింది. ఇళ్లలో తెలుగు, కచేరీలో ఒడియా. హోసూరు కథ తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. సేలం జిల్లాలో ఉన్న మనం 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వచ్చాం. జిల్లాలు మారాయి, కచేరీ భాష మాత్రం మన ఇంటి భాష కాలేదు.

న్యాయశాస్త్రం చదవడానికి 1913లో గిరి డబ్లిన్ వెళ్లారు. అక్కడ ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటంతో సంబంధం ఏర్పడింది. 1916 తిరుగుబాటు తరువాత ఆ దేశం వదిలి రావలసి వచ్చింది. వచ్చాక నిలబడింది రైలు కార్మికుల పక్షాన. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపారు, 1920లలో అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపనలో ముఖ్యపాత్ర వహించారు. ఏఐటీయూసీకి రెండుసార్లు అధ్యక్షుడయ్యారు.

1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజానే ఓడించి మద్రాసు శాసనసభకు వచ్చారు. ఆయనకు కార్మిక, పరిశ్రమల శాఖ ఇచ్చింది రాజాజీ, అంటే మన హోసూరు పక్కన తొరపల్లిలో పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారి. ఈ పేరును గుర్తుంచుకోండి. ముప్పై రెండేళ్ల తరువాత ఇద్దరూ ఎదురెదురు పక్షాల్లో కనిపిస్తారు.

గిరి స్వభావం తెలియాలంటే 1954 ఒక్కటి చాలు. నెహ్రూ మంత్రివర్గంలో ఆయన కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చింది. కార్మికుడికి మాట ఇచ్చి తప్పడం తన వల్ల కాదని మంత్రి పదవి వదిలేశారు. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి, ప్రతిదానికీ కోర్టు ఎక్కించకూడదు అన్నది ఆయన వాదం. దాన్ని అప్పట్లో 'గిరి పద్ధతి' అనేవారు.

ఇద్దరు తెలుగువారి పోటీ

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ కన్నుమూశారు. ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలైలో మనకు నలభై కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో కాంగ్రెస్ పెద్దలు సమావేశమై, ఇందిరాగాంధీకి ఇష్టం లేకపోయినా నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిర్ణయించారు. ఆయన అనంతపురం జిల్లావాసి, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి.

తరువాత పది రోజులు వేగంగా నడిచాయి. ఇందిర మొరార్జీ దేశాయ్ నుంచి ఆర్థిక శాఖ తీసుకున్నారు. జూలై 19న 14 పెద్ద బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్ వచ్చింది. దాని మీద సంతకం చేసింది తాత్కాలిక రాష్ట్రపతి గిరి. ఆ మరునాడే పదవి వదిలి స్వతంత్రుడిగా పోటీకి దిగారు. బ్యాంకు ఉద్యోగుల కోసం ఒకసారి మంత్రి పదవి వదిలినవాడు, పదిహేనేళ్లకు బ్యాంకులనే ప్రభుత్వం చేతికిచ్చే కాగితం మీద సంతకం పెట్టి మరో పదవి వదిలాడు.

కాంగ్రెస్ సభ్యులు పార్టీ ఆదేశం కాదు, మనస్సాక్షి ప్రకారం ఓటు వేయాలని ఇందిర పిలుపునిచ్చారు. కమ్యూనిస్టులు, అకాలీలు, ముస్లిం లీగ్, డీఎంకే గిరికి మద్దతిచ్చాయి. ఇక్కడ ఆగి చూడాలి. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు వచ్చిన ఏడాదే, తమిళ అభిమానం పునాదిగా ఎదిగిన పార్టీ ఒక తెలుగువాడిని రాష్ట్రపతిగా ఎన్నుకోవడానికి ఓట్లు వేసింది. అవతల రాజాజీ స్వతంత్ర పార్టీ, జనసంఘ్ సి.డి. దేశ్‌ముఖ్‌ను నిలబెట్టాయి. తొరపల్లి బిడ్డ తన పాత మంత్రికి వ్యతిరేక పక్షంలో నిలిచారు.

ఆగస్టు 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 విలువ వచ్చింది. గెలుపుకు కావలసింది 4,18,169. ఎవరికీ రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక గిరి 4,20,077, రెడ్డి 4,05,427. స్వతంత్రుడిగా నిలబడి రాష్ట్రపతి అయినవారు గిరి ఒక్కరే. ఎన్నిక మీద సుప్రీంకోర్టులో కేసు పడితే, పదవిలో ఉండగానే స్వయంగా సాక్ష్యం చెప్పారు. 1970లో కేసు కొట్టివేశారు. ఆ లోపే, 1969 నవంబరులో, కాంగ్రెస్ రెండుగా చీలిపోయింది.

సంతకాల ఐదేళ్లు

రాష్ట్రపతిగా గిరి పెట్టిన సంతకాలను వరుసగా చూస్తే ఆ కాలం కళ్ల ముందు నిలుస్తుంది. 1970 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు బ్యాంకుల చట్టాన్ని కొట్టేసింది. కేసు వేసింది స్వతంత్ర పార్టీకి చెందిన ఆర్.సి. కూపర్. నాలుగు రోజుల్లోనే కొత్త ఆర్డినెన్స్ మీద గిరి సంతకం పడింది. సెప్టెంబరులో రాజభరణాల రద్దు బిల్లు రాజ్యసభలో ఒక్క ఓటు కూడా కాని తేడాతో వీగిపోతే, మరునాడే రాజుల గుర్తింపు తొలగిస్తూ రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. డిసెంబరులో కోర్టు దాన్నీ కొట్టేసింది. ఆ నెలాఖరుకు లోక్‌సభ రద్దయింది. 1971 మార్చి ఎన్నికల్లో గరీబీ హటావో నినాదంతో ఇందిర భారీగా గెలిచారు. ఆ ఏడాదే 24వ సవరణ వచ్చింది. రాజ్యాంగ సవరణ బిల్లు వస్తే రాష్ట్రపతి ఆమోదించి తీరాలని అందులో రాశారు. అంటే తన చేతికి ఉన్న కాస్త వెసులుబాటును తీసేసే కాగితం మీద కూడా ఆయనే సంతకం చేశారు. 26వ సవరణతో రాజభరణాలు పోయాయి.

అదే సమయంలో మరో ఖండంలో ఇంకో ఎడమపక్ష అధ్యక్షుడు ఉన్నారు. చిలీలో సాల్వడార్ అయెండే 1970 నవంబరులో పదవి చేపట్టి, 1971లో రాగి గనులను జాతీయం చేశారు. 1973 సెప్టెంబరు 11న సైనిక తిరుగుబాటులో ఆయన ప్రభుత్వం, ప్రాణం రెండూ పోయాయి. అక్కడ అధ్యక్షుడే పాలకుడు. నిర్ణయం ఆయనది, దానికి మూల్యమూ ఆయనే చెల్లించారు. ఇక్కడ నిర్ణయం ప్రధానిది, సంతకం రాష్ట్రపతిది. మన పద్ధతిలో ప్రాణభయం లేదు. కానీ ఎవరు జవాబుదారీ అన్నది మసకబారుతుంది.

మన ఊళ్లకు వచ్చిందేమిటి?

న్యాయంగా మాట్లాడితే, ఆ సంతకాల్లో కొన్ని మన గడప దాకా వచ్చాయి. 1969 జూన్‌లో దేశమంతటా ఉన్న బ్యాంకు శాఖలు 8 వేల పైచిలుకు. సగటున 64 వేల మందికి ఒక శాఖ. 1980కి ఆ సంఖ్య 32 వేలు దాటింది. జాతీయం చేసిన 14 బ్యాంకుల్లో ఇండియన్ బ్యాంక్, కెనరా బ్యాంక్, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ మన దక్షిణాదివే. 1969 చివరలో మొదలైన లీడ్ బ్యాంక్ పథకం కింద ప్రతి జిల్లాకూ ఒక బ్యాంకును బాధ్యురాలిని చేశారు. నేడు మన కృష్ణగిరి జిల్లాకు ఆ బాధ్యత ఇండియన్ బ్యాంక్‌దే. రాగి, వేరుసెనగ పండించే మెట్ట రైతు వడ్డీ వ్యాపారి గుమ్మం కాకుండా మరో గుమ్మం తొక్కగలిగాడంటే ఆ మార్పు అక్కడ మొదలైనదే.

రెండోవైపు కూడా చెప్పాలి. పేదరికం నినాదంతో పోలేదు. 1973లో చమురు ధర పెరగడం, కరువు, యుద్ధం ఖర్చు కలిసి ధరలు ఏడాదికి 20 శాతానికి పైగా పెరిగాయి. నెలజీతం మీద బతికేవారు ఎక్కువగా నలిగారు. బ్యాంకు అప్పు ఎవరికి ఇవ్వాలన్నదాంట్లో రాజకీయ సిఫారసు చేరింది. రాజాజీ ముందే హెచ్చరించింది ఇదే. లైసెన్సులు, అనుమతులు ప్రభుత్వం చేతిలో పెరిగేకొద్దీ పలుకుబడి ఉన్నవాడికే అందుతాయని ఆయన వాదన. బ్యాంకు మన ఊరికి రావడం నిజం, బ్యాంకులో పని కావాలంటే పెద్దమనిషిని పట్టుకోవలసి రావడమూ నిజం. గిరి, రాజాజీ ఇద్దరిలో ఒక్కరే పూర్తిగా సరి అని చెప్పలేం.

1974 మే: అసలు పరీక్ష

గిరి జీవితంలో అన్నిటికంటే కష్టమైన ఘట్టం పదవీకాలం చివర వచ్చింది. 1974 మే 8న దేశమంతటా రైల్వే సమ్మె మొదలైంది. బోనసు, పని గంటలు, జీతాలు డిమాండ్లు. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్, అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ అధ్యక్షుడు. అంటే గిరి చేతుల మీదుగా పుట్టిన సంస్థే సమ్మె నడిపింది. సమ్మె మొదలు కాకముందే ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేశారు. వేలాది కార్మికులు జైలుకు వెళ్లారు, ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, క్వార్టర్ల నుంచి కుటుంబాలను ఖాళీ చేయించారు. మే 27న సమ్మె విరమించారు. అడిగిన బోనసు 1979లో గాని రాలేదు.

మన రాజ్యాంగం ప్రకారం కేంద్ర ప్రభుత్వం చేసే ప్రతి పనీ రాష్ట్రపతి పేరుతోనే జరుగుతుంది. రైలు కార్మికులతో రాజకీయ జీవితం మొదలుపెట్టిన మనిషి పేరు మీదే రైలు కార్మికుల సమ్మె అణిగిపోయింది. కూర్చుని మాట్లాడుకోవాలన్న గిరి పద్ధతి ఆయన రాష్ట్రపతిగా ఉన్న కాలంలోనే ఓడిపోయింది. 1954లో ఒక తీర్పు మార్చినందుకు పదవి వదిలిన గిరి, 1974లో చివరి రోజు దాకా పదవిలోనే ఉన్నారు.

ఆయన్ను తప్పుపట్టడం తేలిక. మంత్రి రాజీనామా చేస్తే ఒక శాఖ ఖాళీ అవుతుంది. రాష్ట్రపతి రాజీనామా చేస్తే దేశం సంక్షోభంలో పడుతుంది. మంత్రిమండలి సలహా ప్రకారమే రాష్ట్రపతి నడవాలని సుప్రీంకోర్టు షంషేర్ సింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది 1974 ఆగస్టు 23న, అంటే గిరి పదవీకాలం ముగియడానికి ఒక్క రోజు ముందు. ఆ మాట నియమంగా తేలకముందే ఐదేళ్లూ ఆయన దాన్ని పాటించారు. అది వినయమా, బలహీనతా అన్నది నేటికీ తేలని వాదమే. నా అంచనా ఇది. గిరిలోని కార్మిక నాయకుడు మారలేదు. ఆ కుర్చీలో కార్మిక నాయకుడికి చేయడానికి పని లేదు, అంతే. మనిషిని చూసి సంబరపడిన కార్మికులు కుర్చీకి ఎంత శక్తి ఉందో చూడలేదు.

ఆంధ్రకు ఒక అధికరణ, మనకు ఒక అధికరణ

తెలుగువారి విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పాక జై ఆంధ్ర ఉద్యమం భగ్గుమంది. 1973 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టారు, డిసెంబరు దాకా సాగింది. తెలుగు రాష్ట్రపతి పేరుతో తెలుగు రాష్ట్రాన్ని ఢిల్లీ పాలించింది. దాని ఫలితంగా ఆరు సూత్రాల పథకం, 32వ సవరణ, 371డి అధికరణ వచ్చాయి. విద్యలో, ఉద్యోగాల్లో ప్రాంతాల వారీ న్యాయం కోసం రాష్ట్రపతి ఉత్తర్వులు ఇచ్చే ఏర్పాటు అది. ఆ ఉత్తర్వులు నిజంగా వచ్చాయి, అమలయ్యాయి.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. 1956లో 7వ సవరణతో 350ఎ, 350బి అనే రెండు అధికరణలు రాజ్యాంగంలో చేరాయి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని, అందుకు అవసరమనుకుంటే రాష్ట్రపతి ఏ రాష్ట్రానికైనా ఆదేశాలు ఇవ్వవచ్చునని 350ఎ చెబుతుంది. 350బి ప్రకారం ఒక ప్రత్యేక అధికారి మన స్థితిగతులు విచారించి రాష్ట్రపతికి నివేదిక ఇవ్వాలి. భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ కార్యాలయం అలా ఏర్పడిందే. ఆ నివేదికలు చేరవలసిన బల్ల ముందు, బరంపురం నుంచి వచ్చిన తెలుగువాడు ఐదేళ్లు కూర్చున్నాడు. అయినా హోసూరు, డెంకణికోట, కృష్ణగిరి బడులకు 350ఎ కింద వచ్చిన ఆదేశం అంటూ ఏదీ లేదు.

రెండిటికీ రాష్ట్రపతి పేరే ఉంది. ఒకటి కదిలింది, ఒకటి కదలలేదు. కారణం కుర్చీలో ఎవరున్నారన్నది కాదు. ఒకదాని వెనక లక్షల మంది వీధుల్లో ఉన్నారు, శాసనసభ్యులు ఉన్నారు, ప్రధానికి ఓట్ల భయం ఉంది. మన వెనక అంత సంఖ్య లేదు, ఉన్న సంఖ్య కూడా ఒక్క గొంతుగా వినిపించలేదు. రాష్ట్రపతి సంతకం దానంతట అది పడదు. కింది నుంచి ఎవరో కాగితాన్ని అక్కడి దాకా తోయాలి.

ఇక 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి మొదటి భాగం అయింది. మన తెలుగు నాలుగో భాగంలో ఐచ్ఛికంగా మిగిలింది. అప్పటి నుంచి మన పిల్లలు కోర్టు మినహాయింపుల కోసం ఎదురుచూస్తూ పరీక్షలు రాయవలసిన స్థితి వచ్చింది. తమిళం నేర్చుకోవడం మీద మనకు అభ్యంతరం లేదు. తరతరాలుగా ఈ నేల మీద బతుకుతున్నవాళ్లం, సంతలోనూ కచేరీలోనూ తమిళం మాట్లాడుతున్నవాళ్లం. అడిగేదల్లా తమిళంతో పాటు తెలుగు కూడా లెక్కలోకి వచ్చే చదువు.

ఇప్పుడు ఏం చేయాలి?

గిరి కాలం నుంచి నేర్చుకోవలసింది ఇదే. నాయకుడిని ఎన్నుకున్నప్పుడు మూడు సంగతులు అడగాలి. ఆ పదవికి మన పని చేసే అధికారం ఉందా? ఉంటే, ఆయన దాన్ని వాడేలా వెనక నుంచి ఒత్తిడి చేసేది ఎవరు? వాడకపోతే లెక్క అడిగేది ఎవరు? మనవాడా కాదా అన్నది నాలుగో ప్రశ్న మాత్రమే. తమిళం మాట్లాడే కలెక్టరు మన బడికి తెలుగు టీచరును ఇస్తే ఆయనే మనవాడు.

సంఖ్య లేనిదే ఒత్తిడి లేదు. తరగతిలో పదిమంది గాని, బడి మొత్తంలో నలభైమంది గాని పిల్లలు ఉంటే మాతృభాష టీచరును ఇవ్వాలన్నది 1949 నుంచి ఒప్పుకున్న నియమం. ఒక ప్రాంతంలో అల్పసంఖ్యాక భాషవారు 15 శాతం, అంతకు పైన ఉంటే ముఖ్య ప్రకటనలు వారి భాషలోనూ ఇవ్వాలన్నది మరో నియమం. రెండూ తలల లెక్క మీద నిలబడ్డవే. 2027 జనగణన రాబోతోంది. ఇంటికి వచ్చిన ఉద్యోగి మాతృభాష గడిలో ఏమి రాస్తున్నాడో మన కళ్లతో చూసుకోవాలి. మనం తమిళంలో జవాబు చెప్పినంత మాత్రాన అక్కడ తమిళం రాయనివ్వకూడదు. ఇంట్లో పిల్లలు ఇంగ్లీషు మీడియం చదివినా వారి మాతృభాష తెలుగే.

తెలుగు బడి ఉన్న ఊళ్లలో పిల్లల సంఖ్య నలభైకి తగ్గకుండా చూసుకోవడం, తగ్గిన చోట కనీసం తెలుగు సబ్జెక్టుగా అడగడం, టీచరు ఖాళీ ఉంటే కలెక్టరుకూ భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్‌కూ రాతపూర్వకంగా పంపి నకలు దాచుకోవడం, ఇవి మన చేతిలో ఉన్న పనులు. ఆ నకళ్లు రేపు మన పార్లమెంటు సభ్యుడు సభలో లేచి నిలబడినప్పుడు ఆయన చేతిలో ఉండాలి. తెలుగులో ప్రమాణం చేసినవారు తెలుగు బడి గురించి అడగడానికి మనం ఇవ్వగలిగిన బలం అదే.

గిరి 1975లో భారతరత్న అందుకున్నారు, 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. తెలుగు ఊళ్లు అటూ ఇటూ పంచుకుపోయిన కాలంలో పుట్టి, తమిళ నగరంలో చివరి శ్వాస విడిచిన ఆ పెద్దాయన మీద మనకు అభిమానం ఉండడం సహజమే. ఆయన మొదట నేర్పిన పాఠం మాత్రం రాష్ట్రపతి భవన్‌లోది కాదు, రైలు షెడ్లలోది. సంఘంగా నిలబడి, డిమాండు రాసుకుని, ఎదురుగా కూర్చుని అడగడం. హోసూరు తెలుగువారికి ఇప్పుడు పనికొచ్చేది ఆ గిరి.